సరాయి గోడ పొట్ట కొలిచిన ఏడు

గోడ ముందర నిలబడి, తల పైకెత్తి ఒకసారి చూసి, అది గట్టిదో కాదో చెప్పేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, మూపురం తడుముతాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. బెల్లం కొనేవాడు కూడా చిన్న ముక్క నోట్లో వేసుకోనిదే బేరం చేయడు. గోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ కళ్లే చాలు. సున్నం తెల్లగా ఉంటే మంచి గోడ, పెచ్చులూడితే చెడ్డ గోడ. ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు ఇట్లా బొంగురుపోయింది. సున్నం దుమ్ము వల్ల అంటారు అందరూ. దుమ్మూ నిజమే, వినని మనుషులతో అరవడమూ నిజమే.

నేను ఉండిన గది నందికొట్కూరు నుంచి కర్నూలుకు పోయే బాట పక్కన ఒక పాత సరాయిలో ఉండేది. నవాబుల కాలంలో గుర్రాల బేరగాళ్లు దిగడానికి కట్టించారట. నేను కాపురానికి వచ్చేనాటికి గుర్రాలూ లేవు, నవాబులూ లేరు. నల్లటి నాపరాతితో కట్టిన పొడుగాటి వరుస. ముందర వసారా, వెనక సందు, మొత్తం ఏడు గదులు. ఆరు గదుల్లో నేతవాళ్లు నేలలో గుంటలు తవ్వి మగ్గాలు పెట్టుకొని చీరలు నేసేవాళ్లు. పడమటి చివరి గది మాది. మా ఆయన బేల్దారి, గోడలు కట్టే మేస్త్రీ. సరాయి తాలూకా బోర్డుది కాబట్టి, దాని గోడలు ఎక్కడ జారినా, మిద్దెలో నీళ్లు ఎక్కడ ఉరిసినా సరిచేస్తుండాలన్న షరతు మీద ఆ గది ఆయనకిచ్చారు. ఆయన పోయిన తర్వాత ఆ పని నేనే చేస్తూ వచ్చాను. గానుగలో సున్నం నూరడం, గచ్చు పూయడం, బీటలు పూడ్చడం. బోర్డు వాళ్లు నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఆ మాట వాళ్ల నోటి నుంచి రాకుండా చూసుకోవడమే నా బతుకు. పిల్లలు లేరు. గది పోతే నాకు మిగిలేది కర్నూలులో మా మరిది ఇల్లు ఒక్కటే. అక్కడ మా తోడికోడలు నీళ్ల కుండను కూడా తాళం వేసి పెట్టే రకం.

మా ఆయన గోడను చూసే తీరు వేరు. గోడకు ఇవతల ఆయన, అవతల నేను. ఆయన చేతిలో చింతచెక్కతో చేసిన సుత్తె లాంటి కొడతి ఉండేది. నేను రెండు అరచేతులూ గోడకు ఆనించి, చెంప కూడా ఆనించి నిలబడాలి. ఆయన జానెడుకు ఒక దెబ్బ వేసుకుంటూ పోతాడు. దెబ్బ నా చేతికి తగిలితే 'ఉండాది' అని అరవాలి, తగలకపోతే 'ల్యాదు' అని అరవాలి. రెండు మూరల మందం గోడకు అవతల ఉన్న మనిషికి వినపడాలంటే ఎంత గట్టిగా అరవాలో అరిచినవాళ్లకే తెలుస్తుంది.

ఎందుకంటే ఆ కాలపు గోడ ఒక్క గోడ కాదు, రెండు గోడలు. బయటికి ఒక రాతి వరుస, లోపలికి ఒక రాతి వరుస, నడుమ మన్నూ గులకరాళ్లూ పెంకులూ కూరి ఉంటారు. మధ్యమధ్య ఒక్కొక్క పొడుగు రాయిని ఈ మొహం నుంచి ఆ మొహందాకా అడ్డంగా వేస్తారు. రెండు వరుసలనూ కలిపి పట్టి ఉంచేది ఆ అడ్డరాళ్లే. అవి ఉండి, నడుమ మన్ను బిగువుగా ఉంటే, కొడతి దెబ్బ ఇవతలి నుంచి అవతలికి వస్తుంది. మన్ను జారిపోయి ఉంటే ఆ దెబ్బను గోడ మింగేస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకటే.

సరాయి గోడలను కొలిచిన ఏటికి ముందటి వానల్లో ఇంకో ఊళ్లో పాత చావడి గోడ ఒకటి కూలింది. మనుషులకేమీ కాలేదు, రెండు మేకలు పోయాయి. దాంతో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బోర్డు కింద ఉన్న పాత కట్టడాలన్నింటినీ చూసి, ఏ గోడకు బలముందో ఏ గోడకు లేదో రాసి పంపాలని. రోహిణి కార్తె ఎండలో ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు. కోస్తా వైపు మనిషి, వయసు తక్కువ. వచ్చీ రాగానే నీళ్లడిగి, మా ఊరి నీళ్లు ఉప్పగా ఉన్నాయని మొహం చిట్లించాడు. ఆయన వెంట గోడలు కొట్టి చూడడానికి ఒక బేల్దారి కావాలట. ఆ బేల్దారి ఎవరయ్యా అంటే మా మరిదే.

"బాగుండావా వదినా" అన్నాడు.

"ఏమప్పా, మీ అన్న దగ్గర ఏడేండ్లు ఉండి తాపీ పట్టేది కూడా నేర్చుకోనోడివి, ఇప్పుడు గోడలకు జాతకం చెప్తాండావా?"

"సర్కారోళ్లు పిలిస్తే పోకుండా ఉండేకయితాదా."

చేతిలో చూస్తే ఇనప సుత్తె. దాంతో గోడను టంగు టంగుమని కొట్టి, చెవి పెట్టి, తల ఊపుతున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇనుముతో కొడితే పైన గచ్చు మోగుతాది గానీ లోపల రాయి పలుకుతాదా? మీ అన్న కొడతి యాడ పెట్టినావు?"

"అది పోయిన సలికాలం పొయ్యిలోకి పోయింది వదినా" అన్నాడు. అతని భార్య చేసిన పని అది.

ఓవర్సీరు ముందు వెనక సందులోకి వెళ్లాడు. మగ్గాల గదులకు వెనక గోడ అది. మూడో గది దగ్గర నుంచి ఐదో గదిదాకా నడుము ఎత్తులో బయటికి పొట్ట వచ్చినట్టు ఉబ్బి ఉంటుంది. ఆయన పై నుంచి దారానికి కట్టిన తూకపుగుండు జారవిడిచాడు. దారం గోడ పొట్టను తాకుతోంది గానీ, పైనా కిందా నాలుగు వేళ్లు ఎడంగా నిలబడింది. ఆయన నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు.

మగ్గాల వాళ్లకు పెద్ద ఒక ముసలాయన. నేను ఆయన్ను మామా అని పిలిచేదాన్ని. మగ్గంలో అటూ ఇటూ ఆడించే నాడె చేతిలో పట్టుకొనే బయటికి వచ్చాడు.

"ఏమి సామీ, ఎట్ల ఉండాది?"

"నిలువు తప్పింది. ఇది పడుతుంది."

"ఎప్పుడు పడ్తాది సామీ?"

"అది నేనెలా చెప్పగలను? పడేది ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది."

"మా తాత కాలం నుంచీ ఇట్లనే ఉండాదే."

"మీ తాతగారు కొలిచారా?"

ముసలాయన నా వైపు చూశాడు. తాత కొలవలేదు నిజమే. కానీ ఈ అబ్బాయి మాత్రం ఏం కొలిచాడు? ఒక వైపు కొలిచాడు. బండకు ఒక పక్క చూసి రెండో పక్క ఎట్లా ఉందో చెప్పినట్టుంది. ఆ మాట నేనన్నాను. ఓవర్సీరు నా వైపు తిరిగి కూడా చూడలేదు.

"మగ్గాలకు గుంటలు తవ్వుకున్నారు కదా, దానివల్లే పునాది కదిలింది" అన్నాడు.

"గుంటలు వసారా పక్క ఉండాయి సామీ. గోడ ఈ పక్క ఉండాది. నడాన ఎడ్లబండి తిరుగుతాది."

"గొయ్యి గొయ్యేనమ్మా. నిలువు తప్పిన గోడ బలం తప్పిన గోడ. అంతే."

"గూనొచ్చిన ముసలోళ్లంతా సచ్చినట్టేనా సామీ?"

మా మరిది వెనక నుంచి సైగ చేశాడు, ఊరుకోమని. ఓవర్సీరు కావిరంగు డబ్బా తెప్పించి ఉబ్బిన చోట పెద్ద ఇంటూ గుర్తు పెట్టించాడు. పదిహేను దినాల్లో ఆరు గదులూ ఖాళీ చేయాలన్నాడు. మగ్గం మీద పడుగు ఎక్కి ఉంది. ఎక్కిన పడుగును దింపితే దారం చిక్కుపడి పనికిరాకుండా పోతుంది. ఆరు ఇళ్లకూ అదే కథ.

తర్వాత మా గది పడమటి గోడ దగ్గరికి వచ్చారు. ఓవర్సీరు దారం వదిలాడు. దారం గోడకు అంటుకున్నట్టు నిలబడింది. లోపలికి వచ్చి కూడా వదిలాడు, అదే తీరు. ఇక్కడ మాత్రం రెండు పక్కలా కొలవాలని తోచింది ఆయనకు, ఎందుకంటే నా గదిలో మగ్గం లేదు, అడ్డం లేదు. గచ్చు మీద అరచేయి పెట్టి రుద్ది చూశాడు.

"ఇదీ గోడంటే. ఎవరు పూశారు?"

"నేనే సామీ."

"చూశావా, దీన్ని చూసి నేర్చుకో" అని మా మరిదితో అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. ఆ దినం నేను నోరు మూసుకున్నది అక్కడ ఒక్కచోటే.

ఆ గోడ సంగతి నాకు తెలుసు. మా ఆయన బతికున్నప్పుడు ఒక ఎండాకాలం ఇద్దరం కలిసి దాన్ని చూశాం. ఆయన బయట కొడుతున్నాడు, నేను లోపల చేతులు ఆనించి ఉన్నాను. నడిమి భాగమంతా 'ల్యాదు, ల్యాదు' అని అరిచీ అరిచీ నాకే విసుగొచ్చింది. మిద్దె మూల తూము పగిలి, ఏండ్ల తరబడి వాన నీళ్లు గోడ నడుములోకి దిగాయి. లోపలి మన్ను బురదై, అడుగున ఎలుక బొక్కల్లో నుంచి కొంచెం కొంచెంగా బయటికి పోయింది. అడ్డరాళ్లు కట్టినవాడు వేయనే లేదు. దూలాలు ఆ గోడ మీద లేవు కాబట్టి, బరువు లేక, రెండు పలచటి రాతి వరుసలు ఎదురెదురుగా ఊరికే నిలబడి ఉన్నాయి. "దీన్ని విప్పి కట్టల్ల" అన్నాడు మా ఆయన. విప్పేలోపల జ్వరం వచ్చి పోయాడు.

తర్వాత నేను తూము బాగుచేశాను. ఎలుక బొక్కలు పూడ్చాను. కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి నూరిన సున్నంతో గచ్చు పూసి, నున్నటి రాతితో మూడు దినాలు రుద్దాను. గోడను విప్పాలంటే గది ఖాళీ చేయాలి. ఒకసారి ఖాళీ చేస్తే బోర్డు వాళ్లు మళ్లీ నన్ను ఆ గుమ్మం ఎక్కనిస్తారన్న నమ్మకం నాకు లేదు. అందుకని నున్నగా పూశాను. ఓవర్సీరు మెచ్చుకున్నది ఆ నునుపును.

ఆయన వెళ్లిన తర్వాత మగ్గాల గదుల్లో పెద్ద రచ్చ. ముసలాయన భార్యను నేను అత్తా అనేదాన్ని. ఆమె చేసిన మొదటి పని, ఎర్రమన్ను కలిపి ఆ ఇంటూ గుర్తు మీద అలికేయడం.

"గుర్తు పోతే గోడ బాగయితాదా అత్తా?"

"గుర్తు ఉంటే బాగయితాదా? ఉండనీ, కండ్లకు కనపడకుండా ఉంటే సాలు."

అలికి, దాని మీద తెల్ల ముగ్గు కూడా వేసింది.

నేను తూకపుగుండు తీసుకొని ముసలాయన గదిలోకి వెళ్లాను. వెనక గోడకు ఆనించి చుట్టిన పడుగులూ ఆసులూ రాట్నాలూ. అవన్నీ తీయించేసరికి పూట గడిచింది. ఒక్కొక్క వస్తువు తీసినప్పుడల్లా అత్త ఒక మాట. చివరికి దారం వదిలి చూస్తే, బయట ఎక్కడ పొట్ట ఉందో సరిగ్గా అక్కడే లోపల గోడ గుంట పడి ఉంది. బయట నాలుగు వేళ్లు ఉబ్బితే లోపల ఇంచుమించు నాలుగు వేళ్లు లోతు. అంటే రెండు వరుసలూ విడిపోలేదు. అడ్డరాళ్లు పట్టుకొని ఉండగా గోడ గోడంతా కలిసి వంగింది. బయట ఉబ్బి లోపల చదునుగా ఉంటే భయపడాలి, అప్పుడు నడుమ బోలు. ఇది అట్లా కాదు.

"అట్లయితే ఎందుకు వంగినట్టు?" అన్నాడు ముసలాయన.

"ఎత్తుకోలేక వంగింది మామా. పైకి పోదాం పా, సూపిస్తా."

మా వైపు మిద్దెలకు పైన చవుడు మన్ను పరుస్తారు. ఆ మన్ను తడిస్తే బిగుసుకొని నీటిని కిందికి దిగనీయదు. ఏటేటా మృగశిర వానలకు ముందు కొత్త చవుడు తెచ్చి పోస్తారు. పాతది గీకి కొత్తది పోయాలని మా ఆయన చెప్పేవాడు. ఎవరూ గీకరు. పాతది గీకితే ఎక్కడ ఉరుస్తుందో అని భయం. పాతదాని మీద కొత్తది, దాని మీద మరుసటేటిది. ఇట్లా తాతల నాటి నుంచి.

ముసలాయన నిచ్చెన ఎక్కడానికి ఒప్పుకోలేదు. ఎక్కించాను. ఎండకు మిద్దె మీద మన్ను కాలు పెట్టనీయడం లేదు. గడ్డపారతో ఒకచోట పొడిచి, మట్టి తీసి, చేయి పెట్టమన్నాను. ముసలాయన చేయి పెట్టాడు. మోచేయి దాటింది, ఇంకా రాయి తగల్లేదు. భుజందాకా పోయిన తర్వాత అప్పుడు కింద బండ తగిలింది.

"ఇంత ఉండాదా?" అన్నాడు.

"దంతెలు, దూలాలు, బండలు, వాటి మీద ఇంత మన్ను. ఇదంతా ఆ యెనక గోడే మోస్తాండాది. కట్టినోడు జానెడు మన్నుకు కట్టినాడు మామా. మీరు బారెడు పోసినారు. ఇంగ పొట్ట రాకుంటే ఏమొస్తాది?"

"మేము పోసినామా? పోయినేడు గంప మోసిందెవరు?"

"నేనే మోసినా. మీరు పొయ్యమంటే పోసినా."

"ఆ ముందటేడు?"

"అప్పుడూ నేనే."

"మరి అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్న్యావు?"

చెప్పాను, వినలేదు అనొచ్చు. కానీ చెప్పింది మా ఆయన, నేను కాదు. నేను గంపకు ఇంత అని కూలి తీసుకొని మోశాను.

మన్ను సగానికి పైగా గీకేస్తే గోడ నిలుస్తుంది, ఆ మాట ఓవర్సీరుకు చెప్పి ఒప్పిద్దాం అన్నాను. ఆరు ఇళ్లవాళ్లూ వసారాలో కూర్చున్నారు. ఒకరు అటు, ఒకరు ఇటు. అత్త మాత్రం ఒకే మాట మీద ఉంది.

"ఈమె మాట నమ్మి మిద్దె గీకినామనుకో. వానొచ్చి పడుగు తడిస్తే? గోడ పడ్తాదో లేదో దేవునికెరుక. వాన మాత్రం పడ్తాది గదా."

"మన ఊర్లో వాన పడ్తాదని నువ్వెట్ల చెప్తాండావు అత్తా? మూడేండ్ల నుంచి చూస్తాండాము గదా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నాలుగు దినాలు ఈ మాటలే. చివరికి ముసలాయన, ఓవర్సీరు ఒప్పుకుంటే గీకుదాం, లేకుంటే ఎట్లాగూ పోయేదే కదా అన్నాడు.

ఓవర్సీరు మా మరిదిని వెంటబెట్టుకొని రెండోసారి వచ్చింది ఖాళీ చేశారో లేదో చూడడానికి. సందులో గోడ మీద ముగ్గు చూసి ఆగిపోయాడు.

"ఇక్కడ పెట్టిన గుర్తు ఏమైంది?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మళ్లీ రంగు డబ్బా అడిగాడు. నేను అడ్డం పోయాను. లోపల దారం వదిలి చూడమన్నాను, మిద్దె మీద తవ్విన గుంట చూడమన్నాను, వాదించాను, బతిమాలాను, మళ్లీ వాదించాను. ఆయనకు పొద్దుపోతోంది, ఇంకో ఊరు పోవాలి. చివరికి విసుగుతోనే లోపలికి వచ్చి దారం వదిలాడు. లోపలి గుంట చూశాడు. నోట్‌బుక్కులో ముందు రాసిన ఒక వరుస కొట్టేశాడు.

"మరి లోపల బోలు లేదని నమ్మకమేమిటి?"

"మీ చెయ్యే చెప్తాది సామీ. గోడకు ఆనించి నిలబడండి. మా మరిది సందులో నుంచి కొడ్తాడు."

కొడతి లేదు కదా, మగ్గం గుంట పక్కనున్న చెక్క దిమ్మెను ఇచ్చి పంపాను మరిదిని. ఓవర్సీరు అరచేతులు పెట్టాడు. మొదటి దెబ్బకు చేయి వెనక్కి తీసుకున్నాడు, తేలు కుట్టినట్టు. మళ్లీ పెట్టాడు. మరిది కొట్టుకుంటూ పోతుంటే, ఆయన చేతులు జరుపుకుంటూ పోయాడు. మూడో గది నుంచి ఐదో గదిదాకా గది గదికీ వెళ్లి చూశాడు, ప్రతి దెబ్బా వచ్చింది.

"ఆశ్చర్యంగా ఉందే" అన్నాడు. మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు. నేను పొంగిపోయాను, అబద్ధం ఎందుకు. ఆ పొంగులో ఉండగానే ఆయన అన్నాడు, "పద, మంచి గోడ ఎలా పలుకుతుందో కూడా చూస్తే తేడా తెలుస్తుంది. నీ గదికి పోదాం."

వద్దు సామీ, పొద్దుపోతోంది మీకు అన్నాను. ఆయన అప్పటికే నడుస్తున్నాడు.

నా గదిలో గోడకు చేతులు ఆనించి నిలబడ్డాడు. మరిది బయటి నుంచి కొట్టాడు. ఓవర్సీరు కదల్లేదు.

"కొడుతున్నాడా?"

"కొడ్తాండాడు సామీ."

ఆయన చేతులు కిందికి జరిపాడు. పైకి జరిపాడు. చెంప కూడా ఆనించాడు. "నాకేమీ తెలియడం లేదు. నాకు అలవాటు లేక కావచ్చు. నువ్వు చూసి చెప్పమ్మా" అని పక్కకు జరిగాడు.

నేను చేతులు ఆనించాను. ముసలాయన, అత్త, ఇంకో నలుగురు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. బయట మరిది కొడుతున్న చప్పుడు గాలిలో నుంచి చెవికి వినపడుతోంది, చేతికి మాత్రం ఏమీ లేదు. నూకల గోనె మీద కొట్టినట్టుంది. 'ఉండాది' అంటే ఆయన నమ్ముతాడు, రాసుకొని పోతాడు. నా గది నాకుంటుంది. నాకేదో ధర్మబుద్ధి పుట్టిందని ఎవరూ అనుకోవద్దు. పదిహేను దినాల నుంచి గోడను పట్టి చూడండి, పట్టి చూడండి అని ఊరందరి మీదా అరిచి, ఇప్పుడు పట్టి చూసి అబద్ధం చెబితే, రేపు అది బయటపడితే ఉబ్బిన గోడ గురించి నేను చెప్పిన మాట మాత్రం ఆయన ఎందుకు నమ్మాలి? పైగా బయట కొడుతున్న మరిది "వదినా, ఏమైంది, చెప్పు, చేతులు నొస్తాండాయి" అని ఒకటే నస. ఆ నస భరించలేక అరిచాను.

"ల్యాదు."

"ఏమి?"

"ల్యాదు అంటాండా. చెవుడా?"

ఓవర్సీరు నన్ను చూశాడు. "లేదంటే?"

"బోలు సామీ. నడాన ఏమీ ల్యాదు. పైన గచ్చు నేను పూసింది. మీరు మెచ్చుకున్న్యారు గదా, అది గచ్చే, గోడ కాదు."

మరిది గడ్డపారతో బయటి నుంచి ఒక రాయి కదిలించాడు. రాయి ఊడి వచ్చింది. వెనకనే పొడి మన్ను, ఎండిన ఎలుక పెంటికలు, చిల్లపెంకులు జారి బయట కుప్పపడ్డాయి. ఆ కంతలో చేయి పెడితే అవతలి రాతి వరుస వీపు చేతికి తగిలింది, అంతే. ఓవర్సీరు వంగి ఆ కంతలోకి చూశాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు. అడిగితే చెప్పేదాన్ని కదా అన్నాను. అది నిజం కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన రెండోసారి అడగలేదు.

ఆరు గదులకు, మిద్దె మన్ను దించిన పక్షంలో ఉండొచ్చని రాశాడు. పడమటి గోడను వెంటనే విప్పేయాలని రాశాడు. మళ్లీ కడతారా అని అడిగితే, బోర్డుకు రాస్తానన్నాడు. ఆయన మంచివాడే. రాసే ఉంటాడు. గోడ మళ్లీ లేవడానికి రెండు వానాకాలాలు పట్టింది.

మన్ను దించడానికి ఆరు దినాలు. గంపలు మోసింది ఎవరంటే, మళ్లీ నేనే. పైకి మోసిందాన్ని కిందికి మోశాను. రెండు చివర్ల నుంచీ సమంగా దించండి, ఒక పక్కే దించితే గోడ ఇంకో పక్కకు ఒరుగుతుంది అని చెబితే, ఎవరి గది మీద మన్ను వాళ్లు ముందు దించుకోవడానికి తగువులాడారు. నిచ్చెన దగ్గర పార పట్టుకొని నిలబడి ఒక్కొక్కర్నీ తిట్టి సమం చేయించాను. గోడ పొట్ట లోపలికి పోలేదు. పోదు కూడా. కానీ ముసలాయన ప్రతి శుక్రవారం దారం వదిలి వేళ్లు పెట్టి చూసుకునేవాడు. నాలుగు వేళ్లే.

నా గోడ విప్పిన దినం సామాను బయట పెట్టుకున్నాను. ఒక పెట్టె, రెండు కుండలు, చాప, మా ఆయన తాపీలు. మరిది ఎడ్లబండి తెచ్చాడు, కర్నూలుకు పోదాం రమ్మన్నాడు.

ముసలాయన వసారాలోకి వచ్చి బండిని చూశాడు. "యాడికి?"

"కర్నూలుకు మామా."

"కొత్తగా గీకిన మిద్దె. ఉరిస్తే ఎవురు పూడుస్తారు? నీ మాట మీద గదా గీకింది" అని, మా మరిది వైపు తిరిగి, "బండి ఎనక్కి తోలుకో అప్పా" అన్నాడు.

అత్త గుమ్మంలో నిలబడి వింటోంది. వసారాలో ఆమె గది ముందర, స్తంభం పక్కన నేను పొయ్యి రాళ్లు మూడు పేర్చాను. ఆమె వచ్చి చూసింది.

"ఈడ పెడ్తే పొగంతా నా పడుగుకు పడ్తాది కోడలా."

"మరి యాడ పెట్టల్ల?"

"ఆ మూలకు జరుపు. గాలి అటు పోతాది."

రాళ్లు తీసి మూలకు జరిపాను. అక్కడా పొగ అటే పోయింది. రెండు వానాకాలాలూ దాని గురించి ఆమె తిడుతూనే ఉంది, నేను ఆ మూలనే వండుకుంటూనే ఉన్నాను.